వెళ్లమని చెప్పి, తానే వెళ్లిన అజరయ్య

కైకలూరు చుట్టుపక్కల ఊళ్ల వారికి కొల్లేరు సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఇంకా ఎన్నో కాలువలు వచ్చి అందులో కలుస్తాయి. వచ్చిన నీరు సముద్రానికి చేరే దారి మాత్రం ఒక్కటే, ఉప్పుటేరు. ఆ దారి పూడుకుపోయిన ఏడు లంక గ్రామాల్లోకి నీళ్లొస్తాయి, చేలు కుళ్లిపోతాయి. సరస్సులోకి నీరు రావడం ఎంత అవసరమో, వచ్చిన నీరు బయటికి పోవడమూ అంతే అవసరం.

సంఘం సంగతీ ఇంతే. ఆదివారం వెంట ఆదివారం వాక్యం వింటాం. ఆశీర్వాదాలు పొందుతాం. పాటలు నేర్చుకుంటాం. మరి పొందినదంతా బయటికి పారే దారి ఏది? ఈ ప్రశ్నను నూరేళ్ల కిందట తెలుగు సంఘాల ముందుంచి, దానికి తన జీవితంతోనే జవాబు చెప్పిన దైవజనుడు డోర్నకల్ బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య.

మన యూత్ ఫెలోషిప్‌లలో ఒక మాట తరచూ వినిపిస్తుంది. చదువు పూర్తయింది, సమాజానికి ఏదైనా సేవ చేయాలని ఉంది, నలుగురి ముందు మాట్లాడే నేర్పు ఉంది, పిల్లలకూ యవ్వనస్తులకూ నేర్పించడమంటే ఇష్టం, కానీ ఇదంతా బతుకుతెరువు అవుతుందా అన్నది ఆ సందేహం. తల్లిదండ్రులైతే ఈ మాట వినగానే దిగులు పడతారు. సేవ సెలవుదినాల్లో చేసుకోవచ్చు, ముందు ఉద్యోగం చూసుకోమంటారు. వారి దిగులు తప్పు కాదు. అయితే సేవ, ప్రసంగం, యువతకు శిక్షణ అనే ఈ మూడింటినే ఇరవై ఏళ్ల వయసులో ఉద్యోగంగా చేపట్టి, చివరి శ్వాస వరకు అదే చేసిన ఒక మనిషి మన తెలుగు నేలమీదే ఉన్నారు. ఆ పని ఆయనను ఎక్కడికి తీసుకువెళ్లిందో తెలుసుకోవడం మన పిల్లలకూ మంచిది, మనకూ మంచిది.

ప్రార్థన వల్ల పుట్టిన బిడ్డ

అజరయ్య తెలుగువారు కారు. తమిళనాడు దక్షిణపు కొసన, నాటి తిరునెల్వేలి జిల్లాలోని వెళ్లాలన్‌విళై అనే చిన్న పల్లెలో 1874 ఆగస్టు 17న పుట్టారు. తండ్రి థామస్ వేదనాయకం హైందవ కుటుంబంలో పుట్టి, క్రీస్తును నమ్ముకుని, ఆంగ్లికన్ సంఘంలో పల్లెటూరి పాస్టరుగా పనిచేశారు. తల్లి ఎల్లెన్. చాలా కాలం ఎదురుచూసిన తర్వాత కలిగిన కుమారుడు గనుక, హన్నా చేసినట్టే (1 సమూయేలు 1వ అధ్యాయం) ఆ తల్లి బిడ్డకు ప్రవక్త పేరే పెట్టి దేవునికి అప్పగించింది.

1889లో తండ్రి చనిపోయారు. అప్పటికి అజరయ్యకు సుమారు పదిహేనేళ్లు. పల్లెటూరి పాస్టరు ఇంట్లో ఆస్తులేముంటాయి? బిడ్డ చదువు భారం తల్లి భక్తి మీద, క్రమశిక్షణ మీద పడింది. తిరునెల్వేలిలో చదివి, ఆ తర్వాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో గణితం చదివారు. తెలివైన విద్యార్థి. తీరా బి.ఏ. చివరి పరీక్షల సమయానికి జబ్బుపడ్డారు. పరీక్ష రాయలేకపోయారు. మళ్లీ రాయనూ లేదు. ఆ రోజుల్లో బి.ఏ. పట్టా అంటే ప్రభుత్వ కొలువుకు తాళంచెవి వంటిది. ఆ తాళంచెవి లేకుండానే ఆయన లోకంలోకి అడుగుపెట్టారు.

ఈ సంగతి దగ్గర ఒక్క క్షణం ఆగాలి. పరీక్ష తప్పిందని, సీటు రాలేదని కుంగిపోయే బిడ్డలు మన ఇళ్లలోనూ ఉన్నారు. పట్టా చేతికి రాని ఆ యువకుడికే 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. మూసుకుపోయిన ఒక తలుపు ముందు నిలబడి దేవుని పిలుపును కొలవకూడదని ఆయన జీవితం చెబుతోంది.

యువకుల మధ్య పద్నాలుగేళ్లు

1895లో అజరయ్య వై.ఎం.సి.ఏ.లో కార్యదర్శిగా చేరారు. 1844లో లండన్‌లో జార్జ్ విలియమ్స్ ప్రారంభించిన ఈ యువజన సంస్థ అప్పటికి మద్రాసుకు వచ్చి అయిదారేళ్లే అయింది. పల్లెల నుంచి చదువుకో కొలువుకో పట్నం చేరిన కుర్రవాళ్లకు బస, చదువుకునే గది, ఆటస్థలం, బైబిలు తరగతి, మంచి స్నేహం కల్పించడం దాని పని. వ్యాయామ ఉపాధ్యాయులను తయారు చేసే మన దేశపు పేరెన్నికగన్న కాలేజీని మద్రాసులో 1920లో నెలకొల్పింది కూడా ఈ సంస్థే. ఆత్మతో పాటు మనసునూ దేహాన్నీ కలిపి పెంచాలన్నది వారి నమ్మకం.

అజరయ్యకు ఇచ్చిన పని దక్షిణాది అంతా తిరగడం. ఊరూరా యువకులను కూడగట్టడం, వారితో బైబిలు చదివించడం, సభల్లో మాట్లాడడం, కొత్త శాఖలు నిలబెట్టడం. రైలు బండిలో, ఎడ్లబండిలో, కాలినడకన తిరిగారు. 1896లో అమెరికా నుంచి వచ్చిన షెర్వుడ్ ఎడ్డీ అనే యువకుడు ఆయనకు ప్రాణస్నేహితుడయ్యాడు. తెల్లవారికీ నల్లవారికీ మధ్య గీతలు గీసి ఉన్న ఆ కాలంలో వీరిద్దరూ కలిసి తిరిగి, కలిసి ప్రార్థించి, కలిసి భోంచేశారు. 1898లో అజరయ్య అన్బు మరియమ్మాళ్‌ను వివాహమాడారు. తమిళంలో అన్బు అంటే ప్రేమ. చదువుకున్న ఆ ఇల్లాలు ఆయన సేవలో సగమై నిలిచారు.

పద్నాలుగేళ్లు ఇలా గడిచాయి. ఈ ఏళ్లలోనే ఆయన రెండు విద్యలు నేర్చుకున్నారు. మొదటిది, పెద్ద సత్యాన్ని చిన్న మాటల్లో చెప్పడం. రెండవది, తాను చేయగలిగిన పనిని కుర్రవాడి చేత చేయించి, పక్కన నిలబడి చూడడం. పౌలు తిమోతికి చెప్పిన పద్ధతి ఇదే (2 తిమోతి 2:2). నేర్చుకున్నవాడు మరొకరికి నేర్పగలిగితేనే నేర్పిన పని పూర్తయినట్టు.

యాఫ్నాలో కలిగిన సిగ్గు

1902లో ఆయన సింహళద్వీపంలోని యాఫ్నాకు వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, తమలోనుంచే సువార్తికులను ఎన్నుకుని, బయటి ప్రాంతాలకు పంపుతున్నారు. అది చూసిన అజరయ్య తలదించుకున్నారు. తిరునెల్వేలి సంఘం అంతకంటే పాతది, పెద్దది. వేల మంది విశ్వాసులున్నారు. గుడులున్నాయి, బడులున్నాయి. కానీ ఆ సంఘం పుచ్చుకోవడమే తప్ప పంపడం ఎరుగదు. సువార్త తేవడం విదేశీయుల పని, వినడం మన పని అన్నట్టుగా తరాలు గడిచిపోయాయి. నీరు వస్తూనే ఉంది, పోయే దారి లేదు.

తిరిగి వచ్చాక ఆయన ఊరుకోలేదు. స్నేహితులతో కలిసి ప్రార్థించి, పెద్దలను ఒప్పించి, 1903 ఫిబ్రవరి 12న తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించారు. మనుషులు మనవాళ్లే, డబ్బు మనదే, నిర్వహణ మనదే అన్నది దాని నియమం. ఎక్కడికి పంపాలని వెదికినప్పుడు వారి కళ్లు నైజాం రాజ్యంలోని తెలుగు ప్రాంతం మీద పడ్డాయి. డోర్నకల్, మానుకోట పరిసరాల్లో సువార్త వినని పల్లెలు ఎన్నో ఉన్నాయి. అలా తమిళ పల్లెల పేద విశ్వాసుల కానుకలతో తెలుగు పల్లెలకు సువార్తికులు వచ్చారు.

రెండేళ్లకు, 1905 క్రిస్మస్ నాడు, విలియం కేరీ పనిచేసిన సేరంపూరులో దేశం నలుమూలల నుంచి, వేర్వేరు సంఘాల నుంచి వచ్చిన భారతీయ క్రైస్తవులు సమావేశమయ్యారు. అక్కడ నేషనల్ మిషనరీ సొసైటీ పుట్టింది. దాని తొలి కార్యదర్శి బాధ్యత అజరయ్యదే. అప్పటికి ఆయనకు ముప్పై ఒక్క ఏళ్లు. 1907లో టోక్యోలో జరిగిన ప్రపంచ క్రైస్తవ విద్యార్థుల మహాసభకూ వెళ్లి వచ్చారు. దేశమంతా తెలిసిన పేరు, గౌరవం, వేల మంది యువకుల అభిమానం ఆయనకు దక్కాయి. సేవనే వృత్తిగా ఎంచుకున్నవారు చేరుకోగల ఎత్తు అంతకంటే ఏముంటుంది?

వేదిక దిగిన రోజు

సరిగ్గా ఆ ఎత్తులోనే ఆయనను ఒక ప్రశ్న పట్టుకుంది. సభ వెంట సభలో యువకులను సువార్తకు బయలుదేరమని పిలుస్తున్నాను కదా, మరి నేనెందుకు బయలుదేరలేదు? ఇతరులకు దారి చూపే చెయ్యి స్తంభానికి తగిలించిన బోర్డులా ఉన్నచోటే ఉండిపోతే ఎలా? ప్రభువు ఎవరిని పంపుదునని అడిగితే, యెషయా పొరుగువాడిని చూపించలేదు, తానే ముందుకు వచ్చాడు (యెషయా 6:8).

వేదిక మీద ఉన్నవారికి ఇది ఎంత కష్టమైన ప్రశ్నో ఆలోచించండి. బాగా మాట్లాడే వరం ఉన్నవారికి ఒక ప్రమాదం ఉంది. ఒక పని గురించి చక్కగా చెప్పగానే ఆ పని చేసేసినట్టే అనిపిస్తుంది. వినేవారి కళ్లలో నీళ్లు చూసి, మన బాధ్యత తీరిపోయిందనుకుంటాం. అజరయ్య ఆ భ్రమలో ఉండిపోలేదు. 1909లో వై.ఎం.సి.ఏ. ఉద్యోగం వదిలేశారు. అదే ఏడాది గురువుగా అభిషేకం పొంది, భార్యాబిడ్డలతో డోర్నకల్ చేరారు.

ఇప్పుడు డోర్నకల్ తెలంగాణలోని మహబూబాబాద్ జిల్లాలో ఉంది. మన ప్రాంతం నుంచి విజయవాడ, ఖమ్మం మీదుగా కాజీపేట వైపు వెళ్లే రైలులో వచ్చే జంక్షన్ అది. ఆ రోజుల్లో అదొక రైల్వేస్టేషను, చుట్టూ పొదలు, దూరదూరంగా పేద పల్లెలు. ముప్పై నాలుగేళ్ల వయసులో ఆయన తెలుగు అక్షరాలు దిద్దుకోవడం మొదలుపెట్టారు. తమిళంలోనూ ఇంగ్లీషులోనూ వేల మందిని కదిలించిన వక్త, పశువుల కాపరి పిల్లవాడు మాట్లాడే మాట అర్థం చేసుకోవడానికి తడబడవలసి వచ్చింది. మాటే తన బలమైన మనిషికి అంతకు మించిన తగ్గింపు లేదు. ఆ తగ్గింపును ఆయన ఇష్టపూర్వకంగా స్వీకరించారు.

ఎడిన్‌బరోలో చెప్పిన నిజం

మరుసటి ఏడాది, 1910 జూన్‌లో, స్కాట్లాండులోని ఎడిన్‌బరో నగరంలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. పన్నెండు వందల మందికి పైగా ప్రతినిధులు వచ్చారు. వారిలో ఆసియా దేశస్థులు ఇరవై మంది కూడా లేరు. విదేశీ మిషనరీలకూ స్వదేశీ పనివారికీ మధ్య సంబంధం ఎలా ఉండాలన్న విషయం మీద మాట్లాడమని అజరయ్యను పిలిచారు.

పొగడ్తలు చెప్పి కూర్చుంటే చప్పట్లు మోగేవి. ఆయన అలా చేయలేదు. మిషనరీలు మా కోసం చేసిన త్యాగాలకు కృతజ్ఞత ఉందని చెబుతూనే, మాకు వారి డబ్బు కంటే, వారి కష్టం కంటే వారి స్నేహం ఎక్కువ అవసరమని, అదే దొరకడం లేదని తెగేసి చెప్పారు. ఒకే ప్రభువును సేవిస్తూ ఒకే బల్ల దగ్గర కూర్చుని భోంచేయలేని సేవ ఏమి సేవ అన్నది ఆయన వేదన. సభలో కొందరు నొచ్చుకున్నారు. కొందరికి కోపం వచ్చింది. కానీ ఆ ప్రసంగం నేటికీ ప్రపంచ సంఘ చరిత్రలో నిలిచి ఉంది. ప్రభువు తన శిష్యులను దాసులని పిలవక స్నేహితులని పిలిచాడు గదా (యోహాను 15:15). యజమాని తన కిందివారికి చేసే ఉపకారం వేరు, స్నేహితుడు స్నేహితుడికి చేసే సాయం వేరు.

సమాజ సేవ చేయాలనుకునే మనకు కూడా ఈ మాట తగులుతుంది. దుప్పట్లు పంచుతాం, ఫొటో తీయించుకుంటాం. దుప్పటి పుచ్చుకున్న ముసలమ్మ పేరు మనకు తెలుసా? ఆమె ఇంట్లో మంచినీళ్లు తాగామా?

బిషప్ అయినా పల్లెల్లోనే

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్ కేథడ్రల్‌లో అజరయ్యకు బిషప్‌గా అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. అప్పుడు ఆయనకు ముప్పై ఎనిమిదేళ్లు. ఈ నియామకం కోసం మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ ఎంతో పాటుపడ్డారు. వ్యతిరేకించినవారూ ఉన్నారు. ఒక భారతీయుడి కింద తెల్లవారు ఎలా పనిచేస్తారని కొందరు మిషనరీలు అడిగారు. విచిత్రమేమంటే, ఆయన సొంత తిరునెల్వేలి క్రైస్తవుల్లోనూ కొందరు అడ్డు చెప్పారు. ఆయన ఎవరికీ జవాబు రాస్తూ కూర్చోలేదు. తిరిగి డోర్నకల్ వచ్చి పనిలో పడ్డారు.

మొదట చిన్నదిగా ఉన్న ఆ అధ్యక్ష మండలంలో 1920 ప్రాంతంలో కృష్ణా, గోదావరి ప్రాంతాల సి.ఎం.ఎస్. సంఘాలు కూడా చేరాయి. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ మచిలీపట్నంలో దిగి మొదలుపెట్టిన సేవ, 1854 నుంచి ఏలూరులో వేళ్లూనుకున్న సేవ ఆ విధంగా అజరయ్య కాపుదలలోకి వచ్చాయి. నోబుల్ బడి పెట్టి యువకుల మధ్య పనిచేస్తే, ఫాక్స్ ఊళ్లు తిరిగి బోధించారు. బోధకుడు వేరు, ఉపాధ్యాయుడు వేరు అన్నట్టుగా నడిచిన ఆ రెండు పాయలూ అజరయ్యలో ఒకటయ్యాయి.

ఆయన సంఘస్థుల్లో ఎక్కువమంది మాల, మాదిగ పల్లెల పేదలు. ఊరి బావి దగ్గరికి రానివ్వనివారు, బడి మెట్టు ఎక్కనివ్వనివారు. వారి మధ్య ఆయన నలుగురు శత్రువులతో పోరాడారు. మురికి, జబ్బు, అప్పు, తాగుడు. ఈ నాలుగూ ఉన్న ఇంట్లో సువార్త విత్తనం మొలకెత్తినా ఎదగదని ఆయనకు తెలుసు. అందుకే గుడితో పాటు బడి, బడితో పాటు వైద్యశాల, వాటితో పాటు పరపతి సంఘం, ముద్రణాలయం, చేతిపనుల శిక్షణ వచ్చాయి. షావుకారు దగ్గర తాకట్టుపడ్డ కూలివాడికి పరపతి సంఘం కూడా సువార్తలో భాగమే.

వీటన్నిటికీ మూలస్తంభం పల్లె ఉపాధ్యాయుడు. వారి సంఖ్య రెండు వేలు దాటింది. పగలు పిల్లలకు అక్షరాలు, రాత్రి పెద్దలకు చదువు, ఆదివారం ఆరాధన, మధ్యలో ఊరివారి ఉత్తరాలు చదవడం, తగవులు తీర్చడం. పెద్ద చదువులు లేని ఈ యువకులకు శిక్షణ ఇవ్వడం మీద అజరయ్య తన శక్తినంతా పెట్టారు. డోర్నకల్‌లో భర్తలకు వేదాంత శిక్షణ జరుగుతుంటే, వారి భార్యలకూ చదువు, ఆరోగ్యం, పిల్లల పెంపకం నేర్పేవారు. అన్బు అమ్మగారు ఆ స్త్రీల మధ్య పనిచేశారు. సేవకుడి ఇల్లే పల్లెకు మొదటి పాఠమని ఆ దంపతుల నమ్మకం.

ప్రతివాడూ సాక్షే

అజరయ్య ప్రసంగంలో పాండిత్యం కనబడేది కాదు. ప్రశ్న వేసేవారు, జవాబు రాబట్టేవారు, మళ్లీ ప్రశ్న వేసేవారు. చదువురాని కూలీలు కూడా ఇంటికి వెళ్లి ఆ ప్రసంగాన్ని పొల్లుపోకుండా చెప్పగలగాలన్నది ఆయన కోరిక. పాశ్చాత్య రాగాలకంటే తెలుగు కీర్తనలకు, భజనకు, కథకు, నాటకానికి చోటిచ్చారు. చదవలేనివారికి పాటే బైబిలు అని గ్రహించారు.

అన్నిటికంటే పెద్ద మార్పు మరొకటి. బాప్తిస్మం పొందినవారి చేత, ఎవరి చెయ్యి వారి తలమీద పెట్టించి, సువార్త ప్రకటించకపోతే తనకు శ్రమ అన్న పౌలు భావాన్ని (1 కొరింథీ 9:16) ప్రతిజ్ఞగా పలికించేవారు. నిన్న బాప్తిస్మం పొందిన కూలివాడు ఈ రోజు సాక్షి. ఏటా ఒక వారం సాక్ష్యపు వారంగా పాటించి, మామూలు సంఘస్థులంతా గుంపులుగా పొరుగు పల్లెలకు వెళ్లి తమ బతుకులో ప్రభువు చేసిన మేలును చెప్పేవారు. మాట్లాడడం పాస్టరు పని, వినడం మన పని అన్న పాత అలవాటు అక్కడ సాగలేదు.

కానుకల విషయమూ అంతే. పేదవారు ఏమిస్తారులే అని ఆయన జాలిపడలేదు. ఇవ్వలేనంత పేదవాడు లేడని, పుచ్చుకోవడమే అలవాటైతే పేదవాడు ఎప్పటికీ తల ఎత్తుకోలేడని బోధించారు. వంటకు ముందు తీసిపెట్టిన పిడికెడు బియ్యం, పంట పండుగకు తెచ్చిన గింజలు, కోడిపెట్ట, కూరగాయలు ఇవన్నీ కానుకలే. క్రైస్తవ దానం గురించి ఆయన రాసిన చిన్న పుస్తకం అనేక భాషల్లోకి వెళ్లింది.

డోర్నకల్‌లో నేటికీ నిలిచి ఉన్న ఎపిఫనీ కేథడ్రల్ అలాంటి కానుకలతో ఏళ్ల తరబడి కట్టిన మందిరం. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. దేవాలయ మంటపం లాంటి స్తంభాలు, మసీదును తలపించే గుమ్మటాలు కలిసి ఉన్న ఆ కట్టడం, క్రీస్తు ఈ నేలకు పరాయివాడు కాడని చూడగానే చెబుతుంది.

ఫలితం ఎలా ఉంది? ఆ అధ్యక్ష మండలం ప్రాంతాల్లో 1912లో సుమారు 56 వేలుగా ఉన్న విశ్వాసులు 1941 నాటికి 2 లక్షల 25 వేలు అయ్యారు. పల్లెల్లో తాగుడు తగ్గి, పిల్లలు బడికి వెళ్లి, ఇళ్లు శుభ్రపడడం చూసి, అగ్రకులాలనబడే రైతు కుటుంబాలవారు కూడా కొందరు ప్రభువును అంగీకరించారు. వారికి ఎవరూ గొప్ప ఉపన్యాసం ఇవ్వలేదు. తమ పొలంలో పనిచేసే మనిషి మారిపోవడం కళ్లారా చూశారు.

నొప్పించిన సంగతులు

ఆయన జీవితం పూలబాట కాదు. అణగారినవారు పెద్ద సంఖ్యలో క్రైస్తవులు కావడం గురించి 1936, 37 సంవత్సరాల్లో గాంధీజీకీ అజరయ్యకూ మధ్య తీవ్రమైన అభిప్రాయభేదం వచ్చింది. తెలియని పేదలను మతం మారుస్తున్నారన్నది గాంధీజీ అభ్యంతరం. పేదవాడికీ ఆత్మ ఉంది, ఆకలి ఉంది, తనకు ఏది కావాలో తేల్చుకునే బుద్ధీ ఉంది అన్నది అజరయ్య నిలకడ. అయితే అదే అజరయ్య, 1932లో క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇవ్వజూపినప్పుడు వద్దన్నారు. రాజకీయ లాభం కోసం సంఘాన్ని గోడ కట్టి వేరు చేయకూడదని, దేశ ప్రజలతో కలిసే బతకాలని ఆయన అభిప్రాయం. రెండు పక్షాల నుంచీ మాట పడ్డారు.

ఇంకో నొప్పి సంఘం లోపలిదే. బాప్తిస్మం పొందినా కులం పోలేదు. మాలలు ఒకవైపు, మాదిగలు ఒకవైపు. ప్రభు బల్ల దగ్గర ఒకే పాత్ర అని ఆయన ఎంత బోధించినా, ఆ గీత పూర్తిగా చెరగలేదు. ఎడిన్‌బరోలో తెల్లవారిని నిలదీసిన ప్రశ్నే తన మందనూ నిలదీస్తోందని ఆయనకు తెలుసు. ఆ ప్రశ్న ఈనాటికీ మన సంఘాల గుమ్మంలో నిలబడే ఉంది. పెళ్లి సంబంధాల దగ్గర, సంఘ ఎన్నికల దగ్గర, సమాధుల తోట దగ్గర మనమేం జవాబు చెబుతున్నాం?

చూడకుండానే వెళ్లిపోయిన ఫలం

మన ప్రాంతాన్నే చూడండి. ఏలూరు వైపు ఆంగ్లికన్ మిషను, ఆకివీడులో కెనడా బాప్టిస్టులు, భీమవరం, తాడేపల్లిగూడెం వైపు లూథరన్లు, నరసాపురంలో బ్రదరన్ సహోదరులు. ఎక్కడెక్కడి దేశాల్లోనో వచ్చిన చీలికలు మన కాలువగట్ల మీద ఊరూరా వెలిశాయి. ఈ చీలికలు మనవి కావు, పొరుగువాడికి క్రీస్తును చూపించడానికి ఇవి అడ్డమని అజరయ్య బాధపడ్డారు. 1919 మే నెలలో తరంగంబాడిలో ముప్పై మందికి పైగా సేవకులు కూడుకున్నారు. వారిలో దాదాపు అందరూ భారతీయులే. అక్కడ ఐక్య సంఘం కోసం మొదటి అడుగు వేసినవారిలో అజరయ్య ముఖ్యులు. 1927లో లోజాన్ మహాసభలోనూ అదే మాట చెప్పారు. 1929 నుంచి నేషనల్ క్రిస్టియన్ కౌన్సిల్ అధ్యక్షుడిగా చివరి వరకు అందుకే పాటుపడ్డారు.

1945 జనవరి 1న డోర్నకల్‌లోనే ఆయన ప్రభువునందు నిద్రించారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. రెండేళ్ల తొమ్మిది నెలలు ఆగి ఉంటే కళ్లారా చూసేవారే. మోషే కొండమీద నుంచి చూసిన దేశంలో యెహోషువ అడుగుపెట్టినట్టు, ఆయన నాటిన చెట్టు కిందికి ఇతరులు చేరారు.

సేవనే వృత్తిగా ఎంచుకోవాలనుకునే యవ్వనస్తులు ఆయన నుంచి నేర్చుకోవలసింది పెద్ద జాబితా ఏమీ కాదు. చెప్పే పనిని ముందు చేయండి. ఎవరికి సేవ చేస్తున్నారో వారితో కలిసి భోంచేయండి. మీరు లేకపోయినా పని సాగేలా మరొకరిని తయారు చేయండి. జీతం తక్కువ కావచ్చు, పేరు రావచ్చు, రాకపోవచ్చు. మీరు వేసిన విత్తనం పంటను మరొకరు కోయవచ్చు. ఆ మాటకు ఒప్పుకున్నవారికే ఈ వృత్తి.

తల్లిదండ్రులకూ ఒక మనవి. మీ బిడ్డ సేవకు వెళతానంటే వెంటనే వద్దనకండి. బిడ్డను దేవునికి అప్పగించిన ఒక పల్లెటూరి పాస్టరమ్మ వల్ల మన తెలుగు పల్లెలకు ఒక కాపరి దొరికాడు.

వానాకాలంలో కైకలూరు దాటి వెళుతూ కొల్లేటి నిండు నీటిని చూసినప్పుడు ఒకసారి ఉప్పుటేరును గుర్తుచేసుకుందాం. దేవుడు మన సంఘాల్లోకి ఎన్నో ఏరులను పారించాడు. ఇక దారి తెరవడం మన వంతు.